మేకుకి తగిలించిన స్పానర్

ఆస్తులు పంచుకున్నవాళ్ళని చూశాను. ఇంటికి నట్టనడుమ గోడ కట్టుకున్నవాళ్ళని చూశాను. ఒక కారుని నిలువునా పంచుకున్నవాళ్ళని మాత్రం మా షెడ్డులోనే చూశాను. ముందు వైపు ఎడమ చక్రం మా నాన్నది, కుడి చక్రం మా ఆయనది. ఇద్దరికీ మాటల్లేవు. ఒకరి మాట ఇంకొకరికి మోయడానికి మధ్యలో నేనున్నాను.

షెడ్డు నాన్నది. పెళ్ళయిన కొత్తలోనే మా ఆయన వచ్చి అందులో చేరాడు. సామాన్లు తెప్పించడం, వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడటం నా పని. మామా అల్లుళ్ళ రాయబారం కూడా నా పనేనని పెళ్ళిలో ఎవరూ చెప్పలేదు.

గొడవకి కారణమైన కారు నాన్న ఏళ్ళ తరబడి నడిపి మా చెల్లికిచ్చినది. దాన్ని మేమంతా ముసలమ్మ అంటాం. చెల్లికి కొండ అవతలి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. కొద్ది రోజుల్లో వెళ్ళి చేరాలి. దారంతా మలుపులే, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ముసలమ్మ ముందు స్ప్రింగులు కుంగిపోయి, బ్రేకు వేస్తే చాలు, ముక్కు నేలకి ఆనించేది. అలాంటి బండితో పిల్లని కొండెక్కించకూడదు. నాన్న మాటా అదే, మా ఆయన మాటా అదే. వాళ్ళిద్దరూ ఒప్పుకున్నది అంతవరకే.

ఈ కారుకి సామాన్లు తయారు చెయ్యడం కంపెనీ ఎప్పుడో మానేసింది. నాన్న పద్ధతి ఒకటుంది. కుంగిన స్ప్రింగు కింద ఇనప బిళ్ళలు పెట్టి లేపడం. మా ఆయన ఒప్పుకోలేదు. బయటి కంపెనీవాళ్ళు చేసిన ముందు సెట్టు మొత్తం తెప్పించాడు. కొత్త ఆర్ములు, కొత్త షాక్‌లు, స్ప్రింగులు. ఆ షాక్ చుట్టూ మరలున్న గొట్టం ఉంటుంది. దాని మీద ఒక వెడల్పాటి రింగు. స్ప్రింగు కూర్చునేది దాని మీదే కాబట్టి మా షెడ్డులో దాన్ని పీట అంటాం. పీటని తిప్పి పైకి తెస్తే కారు లేస్తుంది, కిందికి తెస్తే దిగుతుంది. పీట దానంతటది తిరగకుండా కింద ఇంకో సన్నటి రింగు ఉంటుంది, అది తాళం. ఎత్తు కుదిరాక ఆ తాళం రింగుని పీటకి ఆనించి బిగించాలి. బిగించకపోతే పీట కుదుపులకి మెల్లగా దిగుతూ పోతుంది.

"తిప్పితే పైకి, తిప్పితే కిందికి. ఇది కారా, సీసా మూతా?" అన్నాడు నాన్న పెట్టె విప్పగానే.

"మీ కాలంలో ఇనప బిళ్ళలతో సరిపెట్టారు మామగారూ. ఆ కాలం అయిపోయింది," అన్నాడు మా ఆయన.

అంతే. నాన్న ఆ పెట్టె మూత మూసి, చేతులు తుడుచుకుని, వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. ఆ రోజు నుంచి అల్లుడితో మాట బంద్. అల్లుడు తక్కువ తిన్నాడా? ఆయనా మూతి బిగించుకున్నాడు. అయినా నా కూతురి కారు అంటూ నాన్న పని వదల్లేదు, నేను తెచ్చిన సామాను అంటూ మా ఆయనా వదల్లేదు. అలా చెరో చక్రం దగ్గర చేరారు.

షెడ్డులో నాన్న పెట్టిన నియమాలు రెండున్నాయి. ఒకటి, ఈ రింగులు తిప్పడానికి చివర కొక్కెం ఉన్న స్పానర్ ఒకటుంది. పని పూర్తయ్యేదాకా ఆ స్పానర్ కారు స్టీరింగుకి వేలాడుతూ ఉండాలి. చివరి రింగు బిగించాకే అది గోడ మేకుకి చేరాలి. స్టీరింగు మీద ఇనుము వేలాడుతుంటే ఎవరూ మర్చిపోయి బండి బయటికి తియ్యరు కదా. రెండోది, బిగించినవాడు రంగు పెట్టకూడదు. ఇంకొకడు వచ్చి, చేత్తో కదిపి చూసి, గట్టిగా ఉంటేనే పీట, రింగు, గొట్టం మూడూ కలిసేలా గుర్తుగా ఎర్రటి గీత గియ్యాలి. ఆ రంగు చెల్లి వాడి పారేసిన గోళ్ళ రంగే.

ఉద్యోగంలో చేరాల్సిన ముందురోజు మధ్యాహ్నం చెల్లి బట్టల పెట్టె డిక్కీలో పెట్టేసి, బయల్దేరడానికి సిద్ధంగా వచ్చింది. కొత్త స్ప్రింగులు సర్దుకోవాలంటే బండిని కాస్త తిప్పాలి. నడిపే మనిషి బరువు సీటులో ఉండగానే ఎత్తు కొలవాలి. అందుకని చెల్లే రెండు వీధులు తిప్పి తెచ్చింది. కుడి వైపు ఎత్తు సరిగ్గా కుదిరింది. మా ఆయన వెంటనే తాళం రింగు బిగించి, స్పానర్ స్టీరింగుకి తగిలించి, అవతలికి జరిగాడు. ఎడమ వైపు కాస్త తక్కువుంది. నాన్న స్పానర్ తీసుకుని పీటని ఒక చుట్టు పైకి తిప్పి, స్పానర్ మళ్ళీ స్టీరింగుకి తగిలించాడు. ఇంకోసారి కొలిచి, సరిపోతే, అప్పుడు తాళం బిగించాలి.

"పెద్దదానా, కుడి వైపు ఎంతుందో మీ ఆయన్ని అడుగు," అన్నాడు నాన్న, చక్రం దగ్గర కూర్చుని.

మా ఆయన అక్కడికి జానెడు దూరంలో ఉన్నాడు.

"ఇందాకటంతే ఉందని మీ నాన్నతో చెప్పు."

"ఇందాకటంత అంటే ఎంతో చెప్పమను."

"టేపు ఆయన దగ్గరే ఉంది, కొలుచుకోమను."

నాకు ఒళ్ళు మండింది. ఎన్ని రోజులుగా దాచుకున్నానో, మొత్తం ఒక్కసారే బయటికొచ్చింది. "నేను మనిషినా, తపాలా డబ్బానా? ఇద్దరికీ నోళ్ళున్నాయి, చెవులున్నాయి. ఈ క్షణం నుంచి ఎవరి మాటా మొయ్యను. చస్తే మొయ్యను. మాట్లాడుకుంటే మాట్లాడుకోండి, లేకపోతే మూగసైగలు చేసుకోండి!"

చెల్లి పకపకా నవ్వుతూ డ్రైవరు సీటులో కూర్చుంది. స్టీరింగుకి వేలాడుతున్న స్పానర్ మోకాళ్ళకి తగులుతుంటే తీసి నా చేతికిచ్చింది. "ఇది పట్టుకో అక్కా, అడ్డంగా ఉంది." నేను ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను. ఇద్దరూ నా వైపు తిరక్కుండా తల దించుకుని చక్రాలే చూస్తున్నారు. మాట్లాడుతూనే గోడ దగ్గరికి నడిచి, స్పానర్‌ని ఠంగుమని మేకుకి తగిలించి, అంతటితో నా ఉపన్యాసం ముగించాను. ఆ ఠంగుమన్న చప్పుడు నాకు భలే తృప్తినిచ్చింది.

నాన్న మళ్ళీ కొలిచాడు, ఎత్తు సరిపోయింది. నాన్న కళ్ళజోడు తెచ్చుకోవడానికి లోపలికెళ్ళాడు. మా ఆయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకెళ్ళాడు. కాసేపయ్యాక ఒకరి తర్వాత ఒకరు రంగు సీసా పట్టుకుని వంగడం చూశాను. చెల్లి అందరికీ చెప్పి బయల్దేరింది. ముసలమ్మ ముక్కు ఎత్తుకుని వీధి దాటుతుంటే, ఎవరూ చూడకుండా నాన్న కళ్ళు తుడుచుకున్నాడు.

ఎండ తగ్గుముఖం పట్టాక మా ఆయన నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "ఎంతైనా మీ నాన్న పనిమంతుడేనోయ్. నేను చేతులు కడుక్కుని వచ్చేలోపు ఎడమది బిగించేసి స్పానర్ మేకుకి పెట్టేశాడు."

ఆ మాట స్టూలు మీద కూర్చున్న నాన్న చెవిన పడింది. నాన్న నన్నే చూస్తూ అన్నాడు. "నేనెక్కడ బిగించాను? కళ్ళజోడు తెచ్చుకునేసరికే స్పానర్ మేకుకి ఉంది. నన్ను నమ్మక నా వైపు కూడా తనే బిగించేశాడనుకున్నాను. మండుకొచ్చి ఊరుకున్నాను."

ముందు మా ఆయన మేకు వైపు చూశాడు. తర్వాత నాన్న చూశాడు. తర్వాత ఇద్దరూ నన్ను చూశారు.

"నేనే పెట్టాను," అన్నాను.

"మరి రంగు?" అన్నాడు నాన్న.

"ఎడమ దానికి నేనే పెట్టాను. స్పానర్ మేకుకి ఉంది కదా అని కదిపి చూడలేదు," అన్నాడు మా ఆయన.

అంటే చెల్లి కొండెక్కుతున్న కారులో ఎడమ తాళం రింగు చేత్తో తిప్పి వదిలేసినంత వదులుగా ఉంది. దాని మీద ఎర్రగా, అందంగా, అంతా బాగుందని చెప్పే గీత ఉంది.

ఫోన్ చేశాను. స్విచాఫ్. చెయ్యదు, ఎత్తదు. స్టీరింగు పట్టుకుంటే ఫోన్ ఆపి డిక్కీలో పడెయ్యాలని దానికి నేర్పింది నాన్నే. మళ్ళీ చేశాను. మళ్ళీ మళ్ళీ చేశాను. మా ఆయన అప్పటికే స్పానర్, జాకీ షెడ్డు వ్యానులో పడేసి ఇంజను స్టార్ట్ చేశాడు. నాన్న చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి ఎక్కాడు. ముందు సీటు ఒకటే. అటు మా ఆయన, ఇటు నాన్న, మధ్యలో మళ్ళీ నేనే.

ఊరు దాటాం. అడగదలచుకోలేదు, కానీ అడగకుండా ఉండలేకపోయాను. "ఏమవుతుంది నాన్నా?"

"ముందు తాళం రింగు కిందికి జారి గలగల్లాడుతుంది. తర్వాత పీట దిగుతుంది. ఎడమ పక్క కుంగుతుంది, స్టీరింగు అటే లాగుతుంది." నాన్న అక్కడ ఆగాడు.

"తర్వాత?"

"బాగా దిగిపోతే స్ప్రింగు వదులైపోతుంది. ఏ గుంతలోనో చక్రం వేలాడిందంటే కూర్చున్న చోటు నుంచి పక్కకి తప్పుకోవచ్చు."

మలుపులో తప్పుకుంటే ఏమవుతుందో నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. లోయ ఏ పక్కనుంటుందో ముగ్గురికీ తెలుసు. పైకి వెళ్ళేటప్పుడు ఎడమ పక్కే.

కొండ మొదట్లో పెట్రోలు బంకు దగ్గర వ్యాను ఆపి, గొట్టం పట్టుకున్న ఆవిడని అడిగాను. పాత కారు, ఒక్కతే అమ్మాయి, చూశారా అని.

"ఎందుకు చూడలేదూ? పెట్రోలు పోయించుకుని చాలాసేపు ఇక్కడే నిలబడింది. ఫోన్ పట్టుకుని అటూ ఇటూ తిరిగింది. తర్వాత వెళ్ళిపోయింది," అందావిడ. మేం కదులుతుంటే వెనక నుంచి కేకేసింది. "ఆ కారు ఒక పక్కకి ఒరిగినట్టుందమ్మా!"

అప్పటికే కుంగింది. ఫోన్ పట్టుకుని తిరిగిందట. మరి చెయ్యలేదేం? నా ఫోన్ తీసి చూశాను, ఒక్క కాల్ కూడా రాలేదు. మా ఆయనకీ రాలేదు, నాన్నకీ రాలేదు. కొండ ఎక్కడం మొదలుపెట్టాక సిగ్నల్ కూడా పోయింది.

మొదటి మలుపు. ఏమీ లేదు. రెండో మలుపులో రక్షణ గోడ కాస్త విరిగి ఉంది. నా చెయ్యి నాకు తెలియకుండానే నాన్న భుజాన్ని పట్టుకుంది. "అది పాతది," అన్నాడు మా ఆయన, "గడ్డి మొలిచింది చూడు." అయినా వ్యాను నెమ్మది చేసి కిందికి తొంగి చూశాడు. ఎదురుగా లారీ వస్తే దాని డ్రైవరు మొహం చూశాను, ఘోరం ఏదైనా చూసి వస్తున్నవాడి మొహమేమో అని. అతను తాపీగా ఏదో నములుతున్నాడు. అతని మీద కూడా నాకు కోపమొచ్చింది.

ఆ తర్వాతి మలుపు దాటాక కనబడింది. ముసలమ్మ కొండ వైపుకి ముక్కు పెట్టి, రోడ్డుకి అడ్డంగా ఆగి ఉంది. డ్రైవరు తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు.

వ్యాను ఆగకముందే నాన్న దూకాడు. ఆ వయసులో, చెప్పులు లేని కాళ్ళతో, ఆ కంకర మీద. "చిన్నదానా!" అని అరిచాడు. మా నాన్న గొంతు అలా పగలడం నేనెప్పుడూ వినలేదు.

"ఇక్కడున్నాను," అని చిన్న గొంతు పలికింది.

కారుకి అవతలి పక్క, ఎడమ చక్రం ముందు నేల మీద కూర్చుని ఉంది. మోకాళ్ళు కావలించుకుని, చక్రం లోపలికే చూస్తోంది. చేతిలో ఫోన్ ఉంది. నేను వెళ్ళి దాని తల, చేతులు, భుజాలు తడిమి తడిమి చూసుకున్నాను. ఎక్కడా దెబ్బల్లేవు. లేవని తెలిశాక తిట్టడం మొదలుపెట్టాను. ఏం చెయ్యను, నాకు భయం దిగేదారి అదొక్కటే.

"చప్పుడు ఎప్పటినుంచి వస్తోందే?"

"బంకు దగ్గరికి రాకముందు నుంచే. టకటకమని."

"బంకులో సిగ్నల్ ఉంది కదా! ఫోన్ చెయ్యడానికి ఏం రోగం?"

చెల్లి మమ్మల్ని ముగ్గుర్నీ ఒక్కొక్కర్నీ చూసింది. "చేద్దామనే తీశాను. నాన్నకి చేస్తే బావ తెచ్చిన సామాను మంచిది కాదంటాడు. బావకి చేస్తే ఎడమ వైపు నాన్నది కదా అంటాడు. మళ్ళీ ఎన్నాళ్ళు మాట్లాడుకోరో అనిపించింది. పోనీ నీకు చేద్దామంటే, నువ్వు ఎవరి మాటా మొయ్యనన్నావు కదక్కా. కొత్త సామాను, సర్దుకుంటుందిలే అనుకుని వచ్చేశాను. ఇక్కడ స్టీరింగు ఒక్కసారిగా లోయ వైపు లాగింది."

చెల్లి మమ్మల్ని నిందించలేదు, జరిగింది చెప్పిందంతే. మా ముగ్గురి అలకలూ మధ్యన పెట్టుకుని, ఏ ఒక్కరూ నొచ్చుకోకూడదని లెక్కలు వేసుకుంటూ, వదులైన చక్రంతో కొండెక్కింది నా చెల్లెలు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

మా ఆయన జాకీ వేశాడు. చక్రం ఊడదీశాక నాన్న నేల మీద పడుకుని లోపలికి చూశాడు. తాళం రింగు గొట్టం అడుక్కి జారిపోయి ఉంది. పీట చాలా దిగింది. ఎర్ర గీత ముక్కలై, పీట మీది ముక్క ఒక పక్క, గొట్టం మీది ముక్క ఇంకో పక్క ఉన్నాయి. ఎక్కడిదాకా పైకి తిప్పాలో తెలియాలంటే కుడి వైపు పీట కింద ఎన్ని మరలు కనిపిస్తున్నాయో చూడాలి. మధ్యాహ్నం రెండు వైపులూ ఒకే లెక్కన కుదిరాయి.

"పెద్దదానా, మీ ఆయన్ని..." అని మొదలుపెట్టాడు నాన్న. ఆగిపోయాడు. కారు కింద నుంచి ఆయన కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. అరికాలు ఒకటి చీరుకుని నెత్తురు కారుతోంది.

"అల్లుడూ, నీ వైపు ఎన్ని మరలున్నాయి?"

మా ఆయన అప్పటికే కుడి వైపు పడుకుని ఉన్నాడు. "పదకొండు మామగారూ."

"సరిగ్గా చూశావా?"

"ఇంకోసారి చూస్తాను." నిజంగానే మళ్ళీ లెక్కపెట్టాడు. "పదకొండే."

నేను కారు ముందు, ఇద్దరికీ మధ్యలో నిలబడి ఉన్నాను. అలవాటు కొద్దీ నోరు తెరిచి, అందించడానికి ఏమీ లేక మూసుకున్నాను.

నాన్న పీట పైకి తిప్పి, తాళం రింగు బిగించి, స్పానర్ తీసుకెళ్ళి తనే స్టీరింగుకి తగిలించాడు. మా ఆయన ఎడమ వైపుకొచ్చి రింగుని చేత్తో ఊపాడు, రెండు చేతులతో ఊపాడు. గట్టిగా ఉందన్నాడు. అప్పుడు నాన్న కుడి వైపుకి నడిచాడు.

"అది బిగించే ఉంది కదా నాన్నా, మధ్యాహ్నం నువ్వే చూసి రంగు పెట్టావు," అన్నాను.

"చూడలేదు," అన్నాడు నాన్న తలెత్తకుండా. "అతను చేసిన పని దగ్గర వంగి చూడటానికి నామోషీ అనిపించింది. ఊరికే గీత గీశాను."

నాన్న పడుకుని, చెయ్యి లోపలికి పెట్టి, చాలాసేపు కదిపి చూశాడు. బయటికొచ్చి మా ఆయన మొహంలోకి చూసి, "గట్టిగా ఉంది. బాగా బిగించావు," అన్నాడు. మా ఆయన తల వంచుకుని చక్రం ఎక్కించి, జాకీ దించాడు.

చక్రం బిగించాక, ఒకసారి తిప్పి చూస్తే కానీ నమ్మడానికి లేదు. బరువు కోసం చెల్లే కూర్చోవాలి, ఒక్కతే కూర్చోవాలి. అది స్పానర్ తీసి నాన్న చేతికిచ్చింది, నాకు కాదు.

"పై మలుపు దాకా వెళ్ళి తిరిగి రా తల్లీ. తర్వాత నీ వెనకాలే ఆసుపత్రి దాకా వస్తాం," అన్నాడు నాన్న.

"మళ్ళీ చప్పుడొస్తే?"

"నాకు చెప్పు," అన్నారు ఇద్దరూ ఒకేసారి. అని ఒకరినొకరు చూసుకున్నారు. మళ్ళీ మొదలవుతుందేమో అనుకున్నాను.

"ముందు బండి ఆపు," అన్నాడు మా ఆయన మెల్లగా. "తప్పు ఎవరిదో తర్వాత. ముందు ఆపు."

"అంతే," అన్నాడు నాన్న.

ముసలమ్మ కదిలింది. మలుపు తిరిగి కనిపించకుండా పోయింది. ముగ్గురం రోడ్డు పక్కన నిలబడి చెవులు అటే పెట్టాం. ఇంజను చప్పుడు కొండ మీద పైకి పైకి వెళ్ళి సన్నబడింది, తర్వాత ఆగిపోయింది. నాన్న చేతిలో స్పానర్ అలాగే ఉంది. నేను మొక్కని దేవుడు లేడు. చాలాసేపటికి మళ్ళీ ఇంజను వినిపించింది, దిగుతూ.

కారు మా ముందు ఆగింది. చెల్లి అద్దం సగం దించింది. పక్కనే ఉన్న ఆ ఇద్దరి వైపూ చూడలేదు, నన్నే చూసింది.

"చప్పుడు లేదక్కా. వాళ్ళకి చెప్పు."

వాళ్ళు నాకు అటొకరు, ఇటొకరు, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర్లో ఉన్నారు. ఇద్దరూ విన్నారు. అయినా నేను నాన్న వైపు తిరిగి, "చప్పుడు లేదట నాన్నా," అన్నాను. మా ఆయన వైపు తిరిగి, "చప్పుడు లేదటండీ," అనబోయాను. సగంలోనే ఏడుపొచ్చేసింది.